ర్యాంపు మీద బండి

మన దేశంలో సమానత్వం ఎక్కడుందండీ అని నిట్టూర్చేవాళ్లందరినీ ఒకసారి మా జిల్లా కేంద్రానికి తీసుకొచ్చి ఒక సర్కారు ఆసుపత్రి ముందు నిలబెట్టాలని నాకు ఎప్పటినుంచో కోరిక. అక్కడ మెట్ల పక్కన ర్యాంపు ఉంది. నీలం గోడ మీద తెల్లటి చక్రాల కుర్చీ బొమ్మ, కింద ‘దివ్యాంగుల సౌకర్యార్థం’, ఆ కింద శిలాఫలకం. శిలాఫలకం కొంచెం పెద్దదయ్యేసరికి ర్యాంపు కొంచెం చిన్నదైంది, అంతే.

ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే కనీసం 12 అడుగుల పొడవు ర్యాంపు ఉండాలంటాయి నిబంధనలు. ఆసుపత్రి అరుగు ఎత్తు 3 అడుగులు, కాబట్టి 36 అడుగులు కావాలి. మన కాంట్రాక్టరు గారు 8 అడుగుల్లో తేల్చేశారు. మిగతా 28 అడుగులు ఏమయ్యాయని అడక్కండి, ఇసుక రేటు తెలియనివాళ్లు అడిగే ప్రశ్న అది. పైగా నున్నటి టైల్స్ వేయించారు, వానాకాలంలో కాలు జారితే నేరుగా ఎముకల వార్డుకే చేరతాం. ఇంతకన్నా ముందుచూపు ఏముంటుంది? పైన ర్యాంపు అయిపోయే చోట నాలుగంగుళాల గడప కూడా ఉంచారు, గడప లేని గుమ్మం ఇంటికి అరిష్టం కదా. ఇంత ఖర్చు పెట్టి కట్టింది ఖాళీగా ఉండటం ఎందుకని స్టాఫ్‌లో ఎవరో దాని మీద బండి పెట్టుకుంటున్నారు.

మా బాబాయికి మూడేళ్ల వయసులో పోలియో వచ్చింది. ఇప్పుడాయనకి 62. పెన్షన్ రీవెరిఫికేషన్‌కి రమ్మని నోటీసొచ్చింది. అరవై ఏళ్లుగా కదలని కాలు ఈ మధ్య ఏమైనా మనసు మార్చుకుందేమో చూడాలిగా, నెలకి 6000 రూపాయలిచ్చే ప్రభుత్వం ఆ మాత్రం జాగ్రత్త పడటంలో తప్పు లేదు. పరీక్ష చేసే గది పై అంతస్తులో. ఇందులో ఎంత తెలివుందో నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది: ఎక్కగలిగితే వైకల్యం లేనట్టు, ఎక్కలేకపోతే హాజరు కానట్టు, ఎటు తిరిగినా ఖజానాకి ఆదా. లిఫ్ట్ ఉంది. ‘మరమ్మతులో ఉంది’ అన్న కాగితమూ ఉంది, అది పసుపు పచ్చగా మారి నాలుగు మూలలా చుట్టుకుపోయింది.

“ఎందుకు సార్ టెన్షన్, నలుగురం ఉన్నాం, కుర్చీతో సహా ఎత్తేస్తాం,” అన్నాడు అటెండరు. ఎత్తేశారు కూడా. బాబాయి చొక్కా పొట్ట మీదకి లేచిపోయింది, చెప్పు ఒకటి మూడో మెట్టు మీద పడింది, లైన్లో ఉన్న ఒకాయన ఫోన్ తీసి వీడియో పట్టాడు, ఒక పెద్దావిడ చేతులు జోడించి “మీ కడుపు చల్లగుండ నాయనా” అంది. బాబాయికి కాదు, ఎత్తినవాళ్లకి. అదే 36 అడుగుల ర్యాంపూ, పనిచేసే లిఫ్టూ ఉండుంటే ఈ దీవెన ఎవరికి దక్కేది? ఆయన తన పాటికి తాను చక్రం తిప్పుకుంటూ ఎవరికీ పుణ్యం లేకుండా లోపలికి పోయేవాడు. ఇంతమంది దయగలవాళ్లున్న దేశంలో సరైన ర్యాంపు కట్టడమంటే వాళ్ల నోటి దగ్గర కూడు లాగేయడమే.

పోనీ చట్టం తక్కువ చేసిందా అంటే, లేదు. వికలాంగుల హక్కుల కోసం తెచ్చిన 1995 చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. 2017 జూన్‌లో రూల్స్ వచ్చిన నాటి నుంచి 5 ఏళ్లలో జనం వచ్చిపోయే భవనాలన్నీ అందరూ ఎక్కగలిగేలా ఉండాలంది. ఆ గడువు 2022 జూన్‌తో అయిపోయింది, పాపం అదీ ఏ మెట్ల దగ్గరో ఆగిపోయినట్టుంది. చూపులేని రాజీవ్ రతూరీ గారు 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరులో కూడా కేంద్ర ప్రభుత్వానికి, మీరు రాసుకున్న రూల్స్ సలహాల్లా ఉన్నాయి, 3 నెలల్లో తప్పనిసరి నిబంధనలు రాయండి అని చెప్పాల్సొచ్చింది. పేర్ల విషయంలో మాత్రం మనల్ని ఎవరూ వేలెత్తి చూపలేరు. వికలాంగులు అనేవాళ్లం, దివ్యాంగులన్నాం, మా రాష్ట్రంలో అయితే విభిన్న ప్రతిభావంతులు కూడా అన్నాం. ఆ పేరు పొడవుంది చూశారూ, పడుకోబెడితే అదే మంచి ర్యాంపు అవుతుంది.

(ఎన్నికల రోజు సంగతి వేరే. ఆ రోజు ఎక్కడినుంచో చక్రాల కుర్చీ వస్తుంది, తోసే కుర్రాడొస్తాడు, చెక్క ర్యాంపొస్తుంది. మర్నాటికి మూడూ ఉండవు.)

పైన పరీక్ష నాలుగు నిమిషాలు పట్టింది. డాక్టరుగారు కాలు నొక్కి చూసి “పోలియోనా?” అన్నారు, బాబాయి “అవునండి” అన్నాడు, పక్కనున్న అమ్మాయి కంప్యూటర్లో కొట్టింది. బయటికొచ్చేసరికి ఒంటిగంటన్నర. ఎత్తిన నలుగురూ భోజనానికి వెళ్లిపోయారు. దింపే సంగతి పొద్దున ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

వరండా కిటికీ పక్కన కూర్చున్నాం. కింద ఒకాయన వచ్చి, ర్యాంపు మీది బండికి తగిలించిన క్యారేజీ తీసుకుని, బండిని ఇంకాస్త నీడకి జరిపి వెళ్లాడు. బాబాయి చాలాసేపు దాన్నే చూశాడు.

“అంత వాలు మీద బండి జారకుండా ఎలా నిలబడిందిరా?”

“చక్రం కింద ఇటుక పెట్టారు బాబాయ్.”