పైన పటారం, లోన స్టీరియో

మన విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహాలకి కొదవ లేదు. ఎక్కడైనా ఇంకొక్క దిమ్మె ఖాళీగా ఉంటే, దాని మీద 1960ల నాటి వాల్వు (ట్రాన్సిస్టర్లకి ముందు వాడిన, వెలిగే గాజు బుడ్డి) స్టీరియో రేడియోగ్రామ్‌ని, అంటే రేడియో, రికార్డు ప్లేయరు కలిసిన పెట్టెని డిజైన్ చేసిన ఇంజనీరుని నిలబెట్టాలని నగరపాలక పెద్దలకి నా సవినయ మనవి. చేతిలో పుస్తకం, కర్ర అక్కర్లేదు. కటింగ్ ప్లయర్ చాలు.

ఈ భక్తి నాకు పోయిన నెలలోనే పుట్టింది. పోర్టులో పనిచేసిన మా తాతయ్య, ఓడ దిగిన ఓ ఆఫీసరు దగ్గర కొన్న రేడియోగ్రామ్ మహారాణిపేటలోని మా ఇంట్లో ఏళ్ల తరబడి బీరువాలా పడి ఉంది. కంపెనీ పేరు చెప్పను. మహానుభావులు ప్రచారం కోరుకోరు. పాత రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకరు కురుపాం మార్కెట్ వైపు ఉన్నారని తెలిసి, బతిమాలి తీసుకొచ్చాను.

ఆయన వెనక అట్ట విప్పారు. ఆరు కన్నాలకి నాలుగే స్క్రూలు. రెండు ఎవరో పారేశారనుకున్నాను. "ఎవరూ పారెయ్యలేదు బాబూ, ఆ చెక్క చూడండి, అక్కడ స్క్రూ దిగిన గుర్తే లేదు" అన్నారు. నాలుగడుగుల పెట్టెలో భాగాలన్నీ బిగించిన అన్నం పళ్లెమంత ఇనప రేకు, అదే ఛాసిస్, రెండు స్పీకర్లు, పైన రికార్డు తిప్పే మోటారు. మిగతాదంతా గాలి. అదీ మన ఊరి ఉప్పుగాలి.

"మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఏదండీ?"

"లేదు. అంత రాగి దండగ కదా!"

ఇంటి కరెంటుని వాల్వులకి తగ్గట్టు మార్చి, సెట్టుని ఆ కరెంటు తీగల నుంచి విడిగా ఉంచే రాగిచుట్ట ట్రాన్స్‌ఫార్మర్. అది లేకుండా వాల్వులు వెలగాలంటే వినాయక చవితి పందిట్లో సీరియల్ బల్బుల్లా అన్నిటినీ ఒకే దారానికి గుచ్చాలి. శబ్దం పెంచే రెండు యూసీఎల్82 వాల్వులకి చెరో 50 వోల్టులు, ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ వాల్వు యూవై85కి 38, రేడియో వైపు మూడు వాల్వులకి కలిపి ఇంకో 60. మొత్తం 198. మనింటికి వచ్చే 230లో మిగిలిన 32ని ఓ రెసిస్టెన్స్ వేడి చేసి గాల్లో కలిపేస్తుంది. ఇంటి బడ్జెట్ కూడా ఇంత ఖచ్చితంగా వేసినవాళ్లని నేను చూడలేదు. ఒక వాల్వు మాడితే అన్నీ ఆరిపోతాయన్నది నిజమే. అంత ఐకమత్యం మన అపార్టుమెంటు అసోసియేషన్లలో ఉందా?

ఇందులో చిన్న కొసరు ఒకటి ఉంది. కరెంటు తీగల్లో ఒకటి నేరుగా ఛాసిస్‌కే తగిలి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గు ఒకవైపు పెడితే ఛాసిస్‌కి న్యూట్రల్, తిప్పి పెడితే ఫేజు. నాబ్ బిగించే చిన్న స్క్రూ వేలికి తగలకుండా కంపెనీ వారు దాని మీద మైనం పూశారు. ట్రాన్స్‌ఫార్మర్ కంటే మైనం చవక. మా నానమ్మ ఆ ప్లగ్గుకి ఒకవైపు కుంకుమ బొట్టు పెట్టేది. రోజూ బొట్టు పైకి ఉండేలా చూసి మరీ గుచ్చేది. ఇంట్లో అందరం అది భక్తి అనుకున్నాం. తడి గచ్చు మీద నిలబడి తాతయ్య కెవ్వుమన్న రోజున పుట్టిన ఆచారమని ఇప్పుడు తెలిసింది.

ఇక స్టీరియో. యూసీఎల్82 అంటే ఒకే గాజు బుడ్డిలో రెండు కాపురాలు, చిన్న సిగ్నల్‌ని పెంచే ట్రయోడ్, స్పీకర్‌ని పాడించే పెంటోడ్. రికార్డు మీద ముల్లు ఆనే పికప్‌లో సిరామిక్ కార్ట్రిడ్జ్ పెట్టారు. దాని నుంచి వచ్చే సిగ్నల్ ఎలాగూ గట్టిదే కాబట్టి దాన్ని ముందే పెంచే వేరే ప్రీయాంప్ దండగ. అలా ఎడమ, కుడి ఛానెళ్లకి ఒక్కో వాల్వుతో పని కానిచ్చారు. ఇంతవరకూ పొదుపు. ఆ రెండు వాల్వుల కాథోడ్లకీ (ఎలక్ట్రాన్లు బయల్దేరే కొసలకీ) కలిపి ఒకే రెసిస్టెన్స్ వేయడం మాత్రం కళ. రూపాయిలో ఎన్నో వంతు మిగిల్చారో గానీ, దానితో ఎడమా కుడీ ఉమ్మడి కుటుంబం అయిపోయాయి. ఎడమ వాల్వు ముసలిదై కరెంటు లాగడం తగ్గిస్తే, కుడిది ఆ భారం కూడా మోసి త్వరగా ముసలిదవుతుంది. ఎడమది పాడితే కుడిదానికి వినబడుతుంది. పెద్ద కోడలూ చిన్న కోడలూ ఒకే పొయ్యి మీద వండినట్టు.

స్పీకర్ల మధ్య దూరం కొలిచాను, మూడడుగులు. తాతయ్య పడక్కుర్చీ వరండాలో, పన్నెండడుగుల అవతల. ఎడమ కుడి తేడా తెలియాలంటే ఆయన నేల మీద కూర్చుని స్పీకర్ గుడ్డకి ముక్కు ఆనించాలి.

రేడియో వైపు స్టీరియో ఇంకా గొప్పది. మన ఆకాశవాణి విశాఖపట్నం 1963లో మొదలైంది, మీడియం వేవ్, ఎడమ కుడి తేడా లేని ఒకే ఛానెల్. స్టీరియో రేడియో ప్రసారాలు లండన్ బీబీసీలోనే 1966 దాకా క్రమంగా మొదలవలేదు. అయినా మా సెట్టు వెనక ఒక ఖాళీ సాకెట్ ఉంది, స్టీరియో ప్రసారాన్ని ఎడమ, కుడిగా విడదీసే డీకోడర్ విడిగా కొని గుచ్చుకోవడానికి. ఇది చూశాక నాకు కళ్లు చెమర్చాయి. మధురవాడలో మా బావమరిది ఫ్లాటు చూపించిన బిల్డరు కూడా ఇలాగే అన్నాడు: "లిఫ్టుకి ప్రొవిజన్ ఉంది సార్." ఐదంతస్తుల గొయ్యి చూపించి.

అమెరికాలో ఎర్ల్ మంట్జ్ అనే టీవీల వ్యాపారి ఉండేవాడు. ఇంజనీర్ల బల్లల దగ్గరికెళ్లి, నడుస్తున్న టీవీలోంచి ఒక్కో విడిభాగం కత్తిరించేవాడని, బొమ్మ పోయాక ఆఖరిది మాత్రం తిరిగి పెట్టమనేవాడని చెబుతారు. ఆయన పేరు మీద ఇంగ్లీషులో ఒక క్రియాపదమే పుట్టింది. మన దగ్గర ఆ పనికి వేరే మాట లేదు. రోజూ చేసే పనికి పేరెందుకు?

సాయంత్రానికి రెండు కండెన్సర్లు మార్చి, పెద్దాయన సెట్టుని పాడించారు. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, కుడి చేత్తో మూడో కండెన్సర్ తీగ కత్తిరించారు. పాట ఆగలేదు.

"ఇది లేకపోయినా పాడతాది" అని దాన్ని జేబులో వేసుకున్నారు. తర్వాత వెనక అట్ట ఎత్తి, పై మూలల్లో రెండు స్క్రూలు బిగించి, మిగతా రెండూ కూడా అదే జేబులో వేసుకుని, టీ అడిగారు.