ముల్లర్ తాత ఏ క్యూలో నిలబడ్డాడట?

ఏడాదికి రెండుసార్లయినా ఆ మెసేజ్ మా గ్రూపులోకి వస్తుంది. ఇదివరకు ఇంగ్లీషులో ఉండేది, ఈసారి ఎవరో పుణ్యాత్ములు తెలుగులోకి దించారు. సారాంశం ఇది: మా ముత్తాత ముల్లర్ 1854లో చిల్లిగవ్వ లేకుండా జర్మనీ నుంచి అమెరికా వచ్చాడు. ఎల్లిస్ ఐలాండ్‌లో, అంటే న్యూయార్క్ రేవులో వలసదారులను పరిశీలించే కేంద్రంలో, గుమాస్తాకి నోరు తిరక్క మిల్లర్ అని రాసేశాడు. సర్కారు దగ్గర పైసా సాయం తీసుకోకుండా పొలం చేశాడు. దిగిన మర్నాటి నుంచే ఇంగ్లీషు నేర్చుకున్నాడు. పద్ధతిగా లైన్లో నిలబడి వచ్చాడు. మరి ఇప్పుడొచ్చేవాళ్లకేం వచ్చింది? కింద నాగలి పట్టుకున్న గడ్డం తాత ఫొటో. మా గ్రూపులో దానికి పడ్డ దండాలకు లెక్కలేదు.

ఆ ఫొటోలో ఉన్నాయన ఎవరో అక్కర్లేదు. పేరూ ఏడాదీ మారుతూ అమెరికాలో వేల కుటుంబాలు తమ పూర్వీకుడి గురించి చెప్పుకునే కథే ఇది. ఒక్కో ముక్కా తీసి చూద్దాం.

ముందు ఎల్లిస్ ఐలాండ్ సంగతి. ఆ కేంద్రం తెరిచింది 1892 జనవరి 1న. 1854లో వచ్చినవాడు దానికంటే 38 ఏళ్ల ముందే దిగాడు. దానికి ముందున్న కాసిల్ గార్డెన్ సైతం 1855 ఆగస్టులో గానీ మొదలవలేదు. పోనీ తాత 1892 తర్వాతే వచ్చాడనుకుందాం. అప్పుడైనా అక్కడి గుమాస్తా పేరు రాసేవాడు కాదు, రాసి ఉన్న పేరు చదివేవాడు. ఓడ ఎక్కేచోటే, అంటే బ్రెమెన్‌లోనో హాంబుర్గ్‌లోనో, ఓడ కంపెనీవాళ్లు ప్రయాణికుల జాబితా తయారుచేసేవారు. ఎల్లిస్ ఐలాండ్ ఇన్‌స్పెక్టరు ఆ జాబితా ముందు పెట్టుకుని ప్రశ్నలడిగి టిక్కు పెట్టేవాడు. జర్మన్ తెలిసిన దుబాసీలు అక్కడే ఉండేవాళ్లు.

మరి ముల్లర్ మిల్లర్ ఎలా అయ్యాడు? ఆయనే అయ్యాడు. లేదా కొడుకు అయ్యాడు. షావుకారు ఖాతా పుస్తకంలో ఒకలా, బడి రిజిస్టరులో ఒకలా, జనాభా లెక్కల్లో ఇంకోలా పడి, చివరికి ఏది నిలబడితే అది ఇంటిపేరు. ష్మిట్ స్మిత్ అయ్యాడు, కోహ్ కుక్ అయ్యాడు, త్సిమ్మర్‌మన్ ఏకంగా అర్థం మార్చుకుని కార్పెంటర్ అయ్యాడు. అధ్యక్షుడు ఐసెన్‌హవర్ పూర్వీకులు 1741లో పెన్సిల్వేనియాకి వచ్చినప్పుడు ఐసెన్‌హవుఎర్‌లు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ మీద అమెరికా సేనను నడిపిన జనరల్ పెర్షింగ్ ఇంటిపేరు ఒకప్పుడు ఫ్యోర్షిన్. వీళ్ల పేర్లు మార్చడానికి గుమాస్తా ఎవరూ రాలేదు.

ఇది మనకి కొత్తా? పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుండి, తర్వాత వెంకట, తర్వాత అసలు పేరు ఉన్న పుణ్యానికి ఆఫీసంతా వెంకట్‌లే అయిపోయిన టీములు మనవాళ్లందరూ చూశారు. ఏ అధికారీ కుట్ర చెయ్యలేదు. ఫారంలో గడులు రెండే ఉన్నాయి, మనమే సర్దుకున్నాం.

రెండోది, చిల్లిగవ్వ. చిల్లిగవ్వ కూడా లేనివాడు ఓడ టిక్కెట్టు ఎలా కొన్నాడు? నైరుతి జర్మనీలో, బాడెన్, వ్యుర్టెంబర్గ్ వైపు, తండ్రి పొలాన్ని పిల్లలందరికీ పంచే ఆచారం ఉండేది. మూడు తరాలు పంచాక ఏం మిగులుతుందో కోనసీమ రైతుకి చెప్పక్కర్లేదు. ఆ మిగిలిన ముక్కలూ, ఇల్లూ, పశువులూ అమ్ముకుని బయల్దేరినవాళ్లే ఎక్కువ. 1840లలో బంగాళదుంప తెగులు వచ్చి ఆ అమ్మకాలను తొందరపెట్టింది. చాలామందికి ముందే వెళ్లిన అన్నో మేనమామో ఉత్తరం రాసి, దారి చెప్పి, ఒక్కోసారి టిక్కెట్టు కూడా పంపాడు. నిజంగా ఏమీ లేనివాళ్లూ కొందరు వచ్చారు. అయితే వాళ్లలో కొందరి ఖర్చు పెట్టుకున్నది వాళ్ల ఊళ్లే. పేదల్ని పోషించడం కంటే ఓడెక్కించడమే చవకని లెక్కేసుకున్న పంచాయతీలు బాడెన్‌లో ఉన్నాయి. ఎటు చూసినా ఇది ఒంటరి వీరుడి కథ కాదు.

అన్నట్టు, 1854లో "జర్మనీ" అనే దేశమే లేదు. అది ఏర్పడింది 1871లో. ఆనాటి అమెరికా జనాభా లెక్కల్లో పుట్టిన చోటు ప్రష్యా, బవేరియా, బాడెన్ అని కనిపిస్తుంది. వంశవృక్షం వెతికేవాళ్లు అందుకే ఊరి పేరు కోసం తల బద్దలుకొట్టుకుంటారు. ఊరు తెలిస్తే అక్కడి చర్చి పుస్తకంలో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు దొరుకుతాయి. తెలియకపోతే జర్మనీ అన్న మాట ఎందుకూ పనికిరాదు.

సర్కారు సాయం ముక్క దగ్గర నాకు నిజంగా ఒళ్లు మండింది. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఐదేళ్లు కాపురముండి సాగుచేస్తే 160 ఎకరాలు. రుసుములన్నీ కలిపి దాదాపు 18 డాలర్లు. పౌరుడే కానక్కర్లేదు, పౌరుడు కాదలచుకున్నానని కోర్టులో ఒక కాగితం ఇచ్చినవాడైనా చాలు. అంతకుముందు కొన్నా సర్కారు ధర ఎకరానికి డాలరుంబావు. పంట ఊరికి చేర్చే రైళ్లకు భూములిచ్చింది సర్కారు. అదే 1862లో వ్యవసాయ కళాశాలలకు భూములిచ్చిందీ సర్కారే. ఇంత జరిగాక పైసా తీసుకోలేదంటే ఎలా?

ఆ భూమి సర్కారుకి ఎక్కడిదన్నది ఇంకో సంగతి. మిన్నెసోటానే తీసుకోండి. 1851 ఒప్పందాలతో అక్కడి మూలవాసులైన డకోటా జనం దక్షిణ మిన్నెసోటా దాదాపు అంతా వదులుకుని, ఒక నది వెంట సన్నటి పట్టీలోకి కుదించుకుపోయారు. ఇస్తామన్న సొమ్ము 1862 వేసవిలో రాలేదు, తిండి లేదు, యుద్ధం వచ్చింది. జర్మన్లు కట్టుకున్న న్యూ ఉల్మ్ పట్టణం మీద ఆ ఆగస్టులో రెండుసార్లు దాడి జరిగింది. ఆ చుట్టుపక్కల చచ్చిపోయినవాళ్లలో నిన్నగాక మొన్న వచ్చిన జర్మన్ రైతు కుటుంబాలు ఎన్నో. డిసెంబరు 26న మాన్‌కేటోలో 38 మంది డకోటా పురుషులను ఒకేసారి ఉరితీశారు. మరుసటి ఏడు అమెరికా కాంగ్రెసు ఆ ఒప్పందాలనే రద్దుచేసి డకోటాలను రాష్ట్రం దాటించింది. ఖాళీ అయిన నేల మళ్లీ రైతులకే. హోమ్‌స్టెడ్ చట్టం మీద లింకన్ సంతకం చేసిందీ, ఆ ఉరి జాబితా మీద సంతకం చేసిందీ అదే సంవత్సరం. ముల్లర్ తాత చెడ్డవాడని నేననను. ఆయనకి బహుశా ఈ లెక్కలేవీ తెలియవు. ముని మనవడికి తెలియకపోవడమే విడ్డూరం.

ఇక ఇంగ్లీషు. 1910 జనాభా లెక్కలు చూడండి. విస్కాన్సిన్‌లోని హుస్టిస్‌ఫర్డ్‌లో సుమారు నాలుగోవంతు మందికి జర్మన్ తప్ప ఇంకో భాష రాదు. వాళ్లలో అమెరికాలోనే పుట్టినవాళ్లూ తక్కువేం కాదు. రావలసిన అవసరం ఏముంది? చర్చి జర్మన్‌లో, బడి జర్మన్‌లో, పేపరు జర్మన్‌లో, కొట్టువాడు జర్మన్. 1889లో బడిలో ఇంగ్లీషు తప్పనిసరని విస్కాన్సిన్‌లో బెన్నెట్ చట్టం తెస్తే, ఒకరి మొహం ఒకరు చూసుకోని లూథరన్లూ కాథలిక్కులూ ఏకమై మరుసటి ఏడే గవర్నరు హోర్డ్‌ను ఓడించారు. 1891లో చట్టం పోయింది.

జర్మన్‌ను నిజంగా దెబ్బకొట్టింది మొదటి ప్రపంచ యుద్ధం. 1918 మేలో అయోవా గవర్నరు బహిరంగ స్థలాల్లో, రైళ్లలో, ఆఖరికి టెలిఫోన్‌లో కూడా ఇంగ్లీషు తప్ప ఇంకో భాష వద్దని ప్రకటన ఇచ్చాడు. అంతకు నెలన్నర ముందు ఇల్లినాయ్‌లోని కాలిన్స్‌విల్‌లో రాబర్ట్ ప్రేగర్ అనే జర్మన్ వలసదారును గుంపు చెట్టుకి ఉరేసింది. 1919లో నెబ్రాస్కా ఎనిమిదో తరగతి దాటని పిల్లలకు వేరే భాష నేర్పడం నిషేధించింది. పదేళ్ల పిల్లాడికి జర్మన్ బైబిలు కథ చదివించినందుకు రాబర్ట్ మేయర్ అనే పంతులుకి 25 డాలర్ల జరిమానా పడింది. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1923 జూన్‌లో గెలిచాడు. మర్నాటి నుంచే ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్ల మీద ఇన్ని చట్టాలు ఎందుకు చేసినట్టో మెసేజ్ రాసినవాళ్లే చెప్పాలి.

చివరి ముక్క, లైను. 1854లో లైను లేదు. వీసా లేదు, కోటా లేదు. ఓడ కెప్టెన్ జాబితా ఇచ్చేవాడు, జనం దిగేవారు. ఆ ఒక్క ఏడాదే రెండు లక్షలకు పైగా జర్మన్లు దిగారు. యూరప్ నుంచి ఏటా ఇంతమందే రావాలన్న పరిమితి మొదటిసారి పెట్టింది 1921లో. అంతేకాదు, విస్కాన్సిన్‌లో 1848 నుంచీ పౌరసత్వం ఇంకా రాని తెల్లవాడు, కాదలచుకున్నానని కాగితం ఇస్తే ఓటు కూడా వేసేవాడు.

ఆ పౌరసత్వం 1790 చట్టం ప్రకారం "స్వతంత్రులైన తెల్లవారి"కి. ముల్లర్‌కి ఆ ఒక్క మాటతో తలుపు తెరుచుకుంది. నెబ్రాస్కా పంతులు గెలవడానికి మూడున్నర నెలల ముందు, 1923 ఫిబ్రవరి 19న, అదే సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు ఆ మాట కిందికి రారని తేల్చింది. థింద్ అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. కాలిఫోర్నియాలో పౌరసత్వానికి అర్హత లేనివాడు పొలం కొనడానికి 1913 చట్టం ఒప్పుకోదు కాబట్టి, ఆ తీర్పు తర్వాత అక్కడి పంజాబీ రైతులు చేతిలో మట్టి ఉండి కూడా పట్టా లేనివాళ్లయ్యారు. 1946లో తలుపు కాస్త తీశారు. ఏడాదికి వంద మంది భారతీయులు.

మొన్న ఆ మెసేజ్ పంపిన అన్నయ్యగారు మంచివారు, నాకంటే ముందొచ్చినవారు. గ్రీన్‌కార్డు కోసం ఆయన ఎదురుచూడటం మొదలుపెట్టి పద్నాలుగేళ్లు. ఏ దేశానికీ ఏడు శాతానికి మించి కార్డులివ్వకూడదన్న నిబంధనలో ఇరుక్కుని, ఏ ప్రయారిటీ డేట్ దాకా, అంటే క్యూలో మన చోటు తేల్చే తేదీ దాకా, వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ ప్రతి నెలా రాగానే మొదట తెరిచి చూసేది ఆయనే. ఆ మెసేజ్ కింద నేను ఒక్క ప్రశ్నే పెట్టాను: "అన్నయ్యగారూ, ముల్లర్ తాత ప్రయారిటీ డేట్ ఎంతండీ?" ఇంకా నీలం టిక్కులు పడలేదు.