మహేంద్రగిరికి కొమ్ములేవీ?

ఆంధ్రా ఒడిశా సరిహద్దు దగ్గరి మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. పరశురాముడు తపస్సు చేసిన కొండగా పురాణాల్లో పేరుంది. ఇంతా ఉండి, పర్లాకిమిడి దిక్కు నుంచి చూసినా బరంపురం దిక్కు నుంచి చూసినా అది మనకు ఏమంత గొప్పగా తోచదు. తప్పు కొండది కాదు, సంగీతానిది. ఇతిహాస సినిమాల్లో లాగా కొండ కంటబడగానే ఎనిమిది ఫ్రెంచ్ హార్న్‌లు, అంటే ఊదే ఇత్తడి కొమ్ములు, ఏకకంఠంగా షడ్జం నుంచి పంచమానికి ఎగబాకాలి. కింద అరవై తీగవాద్యాలు వణకాలి. ఎక్కడో ఒక ఆడగొంతు ఎవరికీ తెలియని భాషలో రాగం తియ్యాలి. ఇవేవీ లేకుండా ఊరికే మబ్బులు కప్పుకుని కూర్చుంటే దాన్ని కొండని ఎలా నమ్మేది?

అందుకే సరిహద్దు జిల్లాల తెలుగువాళ్ల తరఫున ఈ మనవి. 1936 ఏప్రిల్‌లో ఒడిశా వేరుపడ్డప్పుడు ఊళ్లు పంచుకున్నారు, పొలాలు పంచుకున్నారు. ఆర్కెస్ట్రా ఊసు ఎవరూ ఎత్తలేదు. దాంతో ఇవాళ్టికీ ఇక్కడి పెళ్లి ఊరేగింపుకు బ్యాండు మేళమే దిక్కు: రెండు ట్రంపెట్లు, ఒక క్లారినెట్టు, నాలుగు డ్రమ్ములు. పెళ్లికొడుకు గుర్రం దిగుతుంటే యుగం మారినట్టు ఉండాలా వద్దా? పోనీ కొమ్ములు తెలియని ఊరా అంటే, పర్లాకిమిడి కొమ్ము పనికి దేశమంతా పేరుంది. కొమ్ముతో కొంగలు చేస్తారు, రొయ్యలు చేస్తారు, మీసాలతో సహా. ఊదడానికి పనికొచ్చేది ఒక్కటి చేద్దామని మాత్రం ఎవరికీ తట్టలేదు.

ముందుగా సరుకు పట్టీ. రాజులు, రాక్షసులు, మాయాఖడ్గాలు ఉన్న సినిమాకు మొదటి వయొలిన్లు 16, రెండో వయొలిన్లు 14, వయోలాలు 12, చెల్లోలు 10, డబుల్ బాస్‌లు 8, వెరసి తీగలవాళ్లు 60 మంది. హార్న్‌లు 8, ట్రంపెట్లు 3, ట్రాంబోన్లు 3, ట్యూబా 1. పిల్లనగ్రోవుల జాతి వాళ్లుంటారు గాని, ఈ మోతలో వాళ్లు వాయిస్తున్నారో లేదో వాళ్లకే తెలియదు కాబట్టి ఎంతమందైనా ఫరవాలేదు. ఇక డప్పులు. వాగ్నర్ అనే జర్మన్ పెద్దాయన తన సంగీత నాటకంలో మరుగుజ్జుల కొలిమి కోసం 18 కమ్మరి దాగళ్లు కావాలని రాసిపెట్టాడు, అన్నీ ఒకే స్వరం, మూడు స్థాయిల్లో. మనకు ఆ లోటు రాదు. పర్లాకిమిడి, కాశీనగర్, పాతపట్నం కమ్మరులను పోగేస్తే సరి. శ్రుతి కలపడమే కష్టం. దాగలికి మర తిప్పే బిరడా ఉండదు.

ఇక్కడ నిర్మాత లేచి, మనుషుల్ని రెట్టింపు చేస్తే రెట్టింపు వినబడుతుంది కదా అంటాడు. వినబడదు. 16 వయొలిన్లను 32 చేస్తే పెరిగేది 3 డెసిబెల్‌లు, చెవి దాన్ని కాస్త తేడాగా గమనిస్తుంది, అంతే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్‌లు పెరగాలి, అంటే మనుషులు పదింతలు కావాలి. తీగలవాళ్లే 600 మంది. వాళ్లకు భోజనాలు, బసలు, గజపతి జిల్లాలో ఉన్న కల్యాణ మండపాలన్నీ. ఇంకో దారీ ఉంది. ఆ పెద్ద దెబ్బకు ముందు ఒక్క బార్, అంటే నాలుగు దెబ్బల ఆవృత్తం, అందరినీ నోరు మూసుకోమనడం. నిమిషానికి 120 దెబ్బల వేగంలో అది రెండు సెకన్లు, ఖరీదు సున్నా. ఇంత చవకైన వస్తువును గొప్ప సినిమాలో వాడితే పరువు పోతుంది గనుక దాని సంగతి వదిలేద్దాం.

రాగం విషయంలో చర్చే లేదు. డి మైనర్. మన లెక్కలో 20వ మేళకర్త నటభైరవి. డి మైనర్, బి ఫ్లాట్, ఎఫ్, సి, ఈ నాలుగు కార్డులను (కలిపి మోగించే స్వరాల గుత్తులను) బార్‌కొకటి చొప్పున తిప్పుతూ పోతే రాజ్యాలు వాటంతటవే పుట్టి గిట్టుతాయి. అద్భుతలోకం తలుపు తెరుచుకుంటే ఏం చెయ్యాలి? మేజర్ స్కేల్‌లో మధ్యమాన్ని అరమెట్టు పైకి జరిపితే కల్యాణి, తలుపు తెరుచుకున్నట్టే. ఏడుపుకు అర్మేనియా వాళ్ల దుదుక్ అనే ఊదే వాద్యం వాడాలి. మన సన్నాయి ఏడవదా అంటే బ్రహ్మాండంగా ఏడుస్తుంది. దాంతో చిక్కేమిటంటే అది వినగానే జనానికి ఫలానా వీధి, ఫలానా పెళ్లి, ఫలానా చావు గుర్తొస్తాయి. ఇతిహాస సంగీతం విన్నవాడికి ఏ ఊరూ గుర్తురాకూడదు.

బ్యాండు మేళాన్నే శిక్షణ ఇచ్చి వాడుకుందామనే దేశభక్తులకు ఒక హెచ్చరిక. వాళ్ల ట్రంపెట్ బి ఫ్లాట్‌ది, అంటే కాగితం మీద రాసినదానికి ఒక మెట్టు కింద మోగుతుంది. మన చెవికి డి మైనర్ వినబడాలంటే అతని కాగితం మీద ఇ మైనర్ ఉండాలి. ఎఫ్ హార్న్‌కు ఎ మైనర్ రాయాలి. కంప్యూటర్‌లో స్కోర్ కట్టిన కుర్రాడు ఈ మార్పు చేసే ఆ ఒక్క మీట నొక్కడం మరిచి అలాగే అచ్చు వేశాడనుకోండి, డి అని రాసిన చోట హార్న్‌ల నుంచి కిందికి ఐదో స్వరం జి వస్తుంది. ఎనిమిది మందీ కలిసికట్టుగా, ఎంతో భక్తితో, తప్పు వాయిస్తారు. రెండో ప్రమాదం కాగితం తిప్పడం. తీగలవాళ్లు ఇద్దరికో స్టాండు పెట్టుకుంటారు, పేజీ తిప్పాల్సింది లోపలివైపు వాడు. పేజీ చివర విరామం పెట్టకపోతే సరిగ్గా రాక్షసుడు లేచే చోట సగం వయొలిన్లు ఆగిపోతాయి. మూడోది చలి. చల్లబడ్డ ఇత్తడి శ్రుతి కిందికి జారుతుంది, వేడెక్కితే పైకి పోతుంది. ఊదుతూ ఊదుతూ పెదవి అలిసిపోయే సమస్య వేరే. అందుకే మూడు గంటల రికార్డింగ్ సెషన్‌లో పట్టాభిషేకం ఎప్పుడూ చివరికి పెట్టుకోరు. మన పెళ్లిళ్లలో ముహూర్తం తెల్లవారుజామున పెట్టి, అప్పటిదాకా ట్రంపెట్ వాడిని ఊరంతా తిప్పి, ఆ తర్వాత అపస్వరం అని తిడతాం.

తాళం లెక్క మరీ సుకుమారం. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 120 వేగంలో దెబ్బకు 12 ఫ్రేములు, కంసాలి తూకంలా చక్కగా సరిపోతాయి. ఖడ్గం సరిగ్గా 37వ సెకను దగ్గర దిగుతుందనుకుందాం. అప్పటికి 74 దెబ్బలు అయిపోతాయి. నాలుగు దెబ్బల బార్‌లు 18 పోగా రెండు దెబ్బలు మిగిలాయి. ఆ రెంటి కోసం మధ్యలో ఎక్కడో ఒక చిన్న బార్ పెట్టి సర్దితే ఖడ్గమూ మొదటి దెబ్బా ఒకేసారి పడతాయి, జనం ఈల వేస్తారు. వాద్యగాళ్లు చెవుల్లో తాళం చెప్పే క్లిక్ వింటూ ఇదంతా వాయించి, డబ్బు పుచ్చుకుని, ఇళ్లకు వెళ్లిపోతారు. (చివరి స్వరం ఆరిపోకముందే ఆ క్లిక్ ఆపాలి. లేకపోతే హెడ్‌ఫోన్లలోంచి మైకులోకి కారి, చక్రవర్తి కన్నుమూసిన నిశ్శబ్దంలో గోడగడియారం వినబడుతుంది.) ఆ మర్నాడు దర్శకుడు ఆ సీన్‌లో 15 ఫ్రేములు కోసేస్తాడు. 12 కోస్తే ఒక దెబ్బ తీసేసి అతికించవచ్చు. 15 అంటే దెబ్బంపావు. పావు దెబ్బను ఎక్కడ దాస్తారు? డ్రమ్ము మోత కింద దాస్తారు. ఇతిహాస సంగీతంలో అకారణంగా డ్రమ్ములు మోగిన చోటల్లా ఒక పావు దెబ్బ పాతిపెట్టి ఉందని గ్రహించండి.

ఇంత చేశాక మన థియేటర్‌కు వస్తుంది. సినిమా హాలు సౌండ్ ప్రాసెసర్ మీద ఒక అంకె ఉంటుంది. 7 అంటే మిక్సింగ్‌లో విన్నంత. ముసలివాళ్లు చెవులు మూసుకుంటున్నారని ఆపరేటర్ దాన్ని 4కు దించుతాడు. ఆ మూడు అంకెలకు సరిగ్గా 10 డెసిబెల్‌లు. పైన లెక్క గుర్తుందా? 600 మంది తీగలవాళ్లను తెచ్చిపెట్టినా, ఆ మహానుభావుడు రెండు వేళ్లతో 540 మందిని ఇంటికి పంపించేశాడు. అయినా డ్రమ్ములు వినబడుతూనే ఉంటాయి, పోయేది మాటలు. హల్లుల పదును ఉండేది రెండు వేల నుంచి నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర. ఇత్తడి వాద్యం గట్టిగా ఊదేకొద్దీ దాని మెరుపు కూడా అక్కడికే ఎక్కుతుంది. అప్పుడు హాల్లో ఇలా ఉంటుంది.

"ఏటంతన్నాడ్రా అల్లుడూ, రాజు?"

"కొండంతన్నాడో కొంపంతన్నాడో తెల్డం లేదు మావా."

తెలిసినవాళ్లు మాటల కింద ట్రంపెట్లు రాయరు, చెల్లోల పొడుగు స్వరాలతో సరిపెడతారు. ఇత్తడిని విడిగా రికార్డు చేసి పెట్టుకుంటారు, అవసరమైతే మిక్సింగ్‌లో అదొక్కటే తగ్గించవచ్చని. ఇది పిరికితనం. ధైర్యవంతులు చెయ్యాల్సింది రాజు మాటల్లోంచి హల్లులు తీసెయ్యడం.

నిజానికి బృందగానం ఆ పని ఎప్పుడో చేసింది. అరవై గొంతులు కలిసి పాడితే హల్లులు అలుక్కుపోతాయి, నిలబడేవి అచ్చులే. లాటిన్ అయితేనేం, ఇంకోటైతేనేం? మన నౌపడా గుణుపురం రైలు లైను ఉండగా లాటిన్ దేనికి? "టెక్కలి! టెక్కలి!" అని మగవాళ్లు కింద గుద్దుతుంటే, "టెంబూరూ..." అని ఆడవాళ్లు సాగదీస్తారు. శిఖరం మీద అందరూ నోరు బార్లా తెరిచి "నౌపడా...!" దీర్ఘం మీద ముగిసే పేరు, ఎంతసేపైనా పట్టవచ్చు. 1900లోనే ఆ లైను మీద పర్లాకిమిడి దాకా బండి మొదలైనా దాంట్లోని పవిత్రత ఎవరూ కనిపెట్టలేదు. ఆటవికులకు కొత్త భాష కావాలంటే రెండు వారాలు, ఇద్దరు అసిస్టెంట్లు చాలు. ఇదే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు ఉన్న భాషనే నేర్చుకుని, సవర భాషకు నిఘంటువు కట్టడానికి ఏళ్లకేళ్లు పెట్టారు. ఆయనకు రిలీజు డేట్ లేదు కాబోలు.

చివరగా, ఈ ప్రాంతపు అసలు జాడ్యం. గంజాంలో ప్రహ్లాద నాటకమని ఒకటి ఆడతారు. జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద 19వ శతాబ్దంలో వచ్చింది. రాక్షసరాజు, మాయలు, మెట్ల మెట్ల రంగస్థలం, నరసింహుడి ముఖం, సరంజామా అంతా ఇతిహాసమే. వాద్యాలు చూడబోతే మద్దెల, తాళాలు, ముఖవీణ, హార్మోనియం. రాత్రి మొదలుపెట్టి, హిరణ్యకశిపుడు అరుస్తూ, పిల్లవాడు పాడుతూ, తెల్లవారబోయే దాకా ఆ స్తంభాన్ని ముట్టుకోరు. జనం దాన్నే చూస్తూ రాత్రంతా కూర్చుంటారు. అదింకా పగల్లేదు, ఒక్క హార్న్ లేదు, కింద బాస్ మోత లేదు. ఇంతమందిని ఇంతసేపు ఉత్త కర్రస్తంభం ముందు కూర్చోబెట్టడం దారుణం కాదా?

సవరణ ఇదీ. మొదటి పది నిమిషాల్లో ఒక స్తంభం పగలాలి. ఆ తర్వాత పావుగంటకొకటి. తొమ్మిది గంటల ఆటకు 36 స్తంభాలు, ప్రతిదానికీ డి మైనర్, దాగళ్లు, నౌపడా. ఇరవయ్యోది పగిలేసరికి జనం టీకి లేస్తున్నారంటే తరువాతిది ఇంకొంచెం పెద్దగా పగలాలి. ఎంత పెద్దగా అంటారా, లెక్క పైన ఉండనే ఉంది, పదింతల మంది.