కొత్తవాళ్ళొస్తున్నారు, జాగ్రత్త!

విండోస్‌కి బదులు ఉచితంగా వేసుకోగల లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ అభిమానులు ఊళ్ళలో పెట్టుకున్న సంఘాలకు పెద్ద గండమే వచ్చిపడింది. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలట, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆపైదో ఉండాలట. దాంతో నిక్షేపంలా పనిచేస్తున్న ఆరో తరం, ఏడో తరం లాప్‌టాప్‌లను చంకన పెట్టుకుని జనం దారి వెతుక్కుంటున్నారు. వాళ్ళలో ఎవరో ఒకరు ఏ ఆదివారమో ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబు తలుపు తట్టడం ఖాయం. అదే ఆరుగురు మనుషులు, అవే ఆరు కుర్చీలు, టెక్స్ట్ ఎడిటర్లలో విమ్ గొప్పదా ఈమాక్స్ గొప్పదా అనే అదే వాదనతో చల్లగా సాగిపోతున్న సంఘానికి ఇంతకంటే ముప్పేముంటుంది?

దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్ళు చరిత్ర చూడాలి. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో, ఒక ఇంటి గరాజులో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బు మొదటిసారి కూడింది. అక్కడికి వచ్చిన స్టీవ్ వోజ్నియాక్ ఒక మైక్రోప్రాసెసరు వివరాల కాగితం పట్టుకుని ఇంటికెళ్ళాడు. మరుసటి ఏడాదికి ఆపిల్-1 తయారు. కొత్తవాడి చేతిలో ఒక్క కాగితం పెట్టిన పాపం ఎక్కడిదాకా పోయిందో చూశారుగా!

కాబట్టి జాగ్రత్తలన్నీ పోస్టరు దగ్గరే మొదలవ్వాలి. ‘ఆదివారం 10 గంటలకు, ల్యాబ్ 3’ అని వేస్తే చాలు. ఏ గేటు, ఏ బ్లాకు, ఎన్నో అంతస్తు, వాచ్‌మన్ ఆపితే ఎవరి పేరు చెప్పాలి, ఇవేవీ రాయకూడదు. పైన ‘అందరూ ఆహ్వానితులే’ అని పెద్దక్షరాల్లో వేసి, కింద అంశంగా ‘కెర్నల్ మాడ్యూళ్ళలో లాకింగ్ పద్ధతులు’ అని పెట్టాలి. మర్యాదకు మర్యాద, రక్షణకు రక్షణ.

అయినా ఒకమ్మాయి ఎలాగో దారి కనుక్కుని వచ్చేసిందనుకోండి. “లినక్స్ వేసుకుందామని వచ్చానండీ” అనగానే “గ్నూ/లినక్స్ అనాలమ్మా” అని సరిదిద్దాలి. “ఏది వేసుకుంటే మంచిది?” అని అడుగుతుంది. లినక్స్‌లో రకాలు (డిస్ట్రోలు) బోలెడు కాబట్టి ఆరుగురూ ఆరు పేర్లు చెప్పాలి. డెబియన్ వారు 1993 నుంచి కథ ఎత్తుకోవాలి. ఆర్చ్ వారు తాము ఆర్చ్ వాడుతున్న సంగతి చెప్పాలి (అది చెప్పకుండా వాళ్ళనెలాగూ ఆపలేం). ‘నాలుగు జీబీ ర్యామున్న పాత లాప్‌టాప్‌కి మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికైన రకం సరిపోతుంది, హార్డ్‌డిస్కు తీసేసి 256 జీబీ శాటా ఎస్ఎస్‌డీ వేయించు, పరిగెడుతుంది’ అనే రెండు ముక్కల జవాబు మాత్రం ఎవరి నోటా రాకూడదు.

అసలు బలమంతా ఇన్‌స్టాలేషన్‌లో ఉంది. మింట్ ఇన్‌స్టాలేషన్ ఫైలు (ఐఎస్ఓ) ఇంచుమించు 3 జీబీ. కాలేజీ వైఫైకి పాస్‌వర్డు తెలిసినవాడు ఆదివారం రాడు. ఆ అమ్మాయి ఫోన్లో ఉన్నది రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు. లెక్క ప్రకారం ఆదివారం మొదలుపెడితే సోమవారం రాత్రికి దిగుతుంది. ముందురోజే రెండు 8 జీబీ పెన్‌డ్రైవుల్లో ఎక్కించి, ఫైలు చెడకుండా దిగిందో లేదో చెక్‌సమ్‌తో సరిచూసి జేబులో వేసుకొచ్చే చాదస్తులు సంఘంలో ఉంటే వాళ్ళను కనిపెట్టి ఉండాలి.

లాప్‌టాప్‌ని పెన్‌డ్రైవు నుంచే లేపి (బూట్ చేసి), డిస్కు ముట్టకుండా, వైఫై, సౌండు, కెమెరా పనిచేస్తున్నాయో లేదో పది నిమిషాల్లో చూసుకోవచ్చు. వైఫై పట్టకపోతే ఫోన్‌ని యూఎస్‌బీ తీగతో తగిలించి టెథరింగ్ పెడితే నెట్ వస్తుంది, దాంతోనే డ్రైవరూ దించుకోవచ్చు. ఈ రెండు సంగతులూ సంఘ రహస్యాలుగా ఉండిపోవాలి.

తెచ్చింది విండోస్ 11 ఉన్న కొత్త లాప్‌టాప్ అయితే మన పంట పండినట్టే. ఏమీ అడక్కుండా నేరుగా బయోస్‌లోకి (విండోస్ లేవకముందే వచ్చే సెట్టింగుల తెరలోకి) దూరి, లేచేటప్పుడు కాపలా కాసే సెక్యూర్ బూట్ ఆపేయండి. డిస్కుకి విండోస్ వేసే బిట్‌లాకర్ అనే ఎన్‌క్రిప్షన్ తాళం పడి ఉంటే, తర్వాత విండోస్ తెరవగానే నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగానే ఉంటుంది. ఆ ఖాతా తెరిచింది లాప్‌టాప్ అమ్మిన షాపులో కుర్రాడు. పాస్‌వర్డు అతనికీ గుర్తులేదు. ముందే విండోస్‌లో కీ కాగితం మీద రాసుకుని, ఎన్‌క్రిప్షన్ తీసేసి, అది పూర్తయ్యేదాకా ఆగి, డిస్క్ మేనేజ్‌మెంటులో సీ డ్రైవు కుదించి, అప్పుడు పెన్‌డ్రైవు పెడితే ఈ రభస ఉండదు. కానీ రభస లేకపోతే సంఘానికి శోభ ఏది?

ఒక్కోసారి ఇన్‌స్టాలరుకి ఎస్ఎస్‌డీయే కనపడదు. డిస్కుని నడిపే పద్ధతి బయోస్‌లో ఇంటెల్ ఆర్ఎస్‌టీ మోడ్‌లో ఉందన్నమాట. ఎవరో హుషారుగా బయోస్‌లో దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మారుస్తారు. లినక్స్‌కి డిస్కు కనిపిస్తుంది, విండోస్‌కి కనపడటం మానేస్తుంది. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, బయోస్ మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపి, మళ్ళీ మామూలుకి తెస్తే రెండూ బతుకుతాయి. ఈ వరస తెలిసినాయన ఆ సమయానికి టీకి వెళ్ళి ఉండాలి. ఇక విండోస్‌లో (పూర్తిగా ఆగకుండా, త్వరగా లేచేందుకు పెట్టిన) ఫాస్ట్ స్టార్టప్ టిక్కు అలాగే వదిలేస్తే, లినక్స్‌లో సీ డ్రైవు తెరుచుకున్నా రాయనివ్వదు. ఆ సంగతి ఆ అమ్మాయి ఇంటికెళ్ళి తెలుసుకుంటుంది.

ఇంతకీ ఆమె అడగబోయేది ఇవేవీ కాదు. “తెలుగు టైపు చేసుకోవచ్చాండీ?” అంటుంది. ఇక్కడే చాలా సంఘాలు దెబ్బతింటాయి. ఎందుకంటే భారతీయ భాషల టైపింగుకి పనికొచ్చే ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేసి, ఒకసారి లాగౌటై వచ్చి, ఇన్‌పుట్ పద్ధతుల్లో తెలుగు ఇన్‌స్క్రిప్టో (భారతీయ భాషల కీబోర్డు అమరిక) ఆర్‌టీఎస్సో (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి) చేర్చుకుంటే, విండోస్ గుర్తున్న మీటా స్పేసూ కలిపి నొక్కగానే తెలుగు పడుతుంది. అయిదు నిమిషాల పని! ఒత్తులు కుదురుగా కూర్చోవడం కళ్ళారా చూసిందంటే వచ్చేవారం చెల్లెల్ని కూడా వెంటబెట్టుకొస్తుంది. అందుకని ఆ ప్రశ్న రాగానే అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో తెలుగు 0సీ00 దగ్గర ఎందుకు మొదలై 0సీ7ఎఫ్ దగ్గర ఎందుకు ముగుస్తుందో వివరించడం మొదలుపెట్టాలి. డీటీపీ సెంటరు నుంచి అను ఫాంట్ల ఫైళ్ళు పట్టుకొచ్చినవాళ్ళకైతే “ఇది యూనికోడ్ కాదు” అని తల అడ్డంగా ఊపితే సరి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయని చెప్పనక్కర్లేదు.

ఇన్ని చేసినా ఒక్క ప్రమాదం మిగిలే ఉంటుంది. ప్రతి సంఘంలోనూ ఒక మెతక మనిషి ఉంటాడు. అందరూ వాదనలో ఉండగా ఆ అమ్మాయిని వెనక బెంచీకి పిలిచి, లాప్‌టాప్ ఛార్జరు బిగించి (పాత బ్యాటరీని నమ్మితే ఇన్‌స్టాలేషన్ సగంలో ఆగుతుంది), ఫొటోలూ సర్టిఫికెట్లూ ముందు పెన్‌డ్రైవులో దాయించి, కీబోర్డు మాత్రం తాను ముట్టకుండా ఆమె చేతే అన్నీ చేయిస్తాడు. మధ్యాహ్నం రెండింటికల్లా ఆమె పని పూర్తిచేసుకుని నవ్వుతూ వెళ్ళిపోతుంది. అలాంటివాణ్ణి గుర్తుపట్టి, వచ్చే సమావేశం నుంచి ప్రొజెక్టరు బాధ్యత అప్పగించాలి. ల్యాబు ప్రొజెక్టరుకి వీజీఏ, లాప్‌టాప్‌లకి హెచ్‌డీఎంఐ, కన్వర్టరున్న బీరువా తాళంచెవి సెలవులో ఉన్న ల్యాబ్ అసిస్టెంటు దగ్గర. చీకటి పడేదాకా అతనికి తీరిక దొరకదు.