కిటికీ ఒక్కటి చాలు, ఇల్లంతా ఎందుకు?

హైదరాబాద్‌లో చిప్ డిజైన్ చేసే ఇంజినీరు లాప్‌టాప్‌లో చాలాసార్లు అసలు సాఫ్ట్‌వేర్ ఉండదు. లేఅవుట్ గీసే ప్రోగ్రామ్ ఎక్కడో లినక్స్ సర్వర్ మీద నడుస్తుంటుంది, ఇక్కడికొచ్చేది దాని బొమ్మ మాత్రమే. పొద్దున్నే ఆఫీసు నెట్‌వర్క్‌కి వీపీఎన్ కలిపి, దూరపు మెషీన్ డెస్క్‌టాప్‌ని మన తెర మీద చూపించే వీఎన్‌సీ తెరిస్తే, రాత్రి వదిలేసిన కిటికీలు (విండోలు) వదిలేసినట్టే ఉంటాయి. కావలసింది ఒక్క కిటికీ. వచ్చేది మొత్తం డెస్క్‌టాప్.

ఇంతకంటే నాజూకైన ఉపాయం 1980ల్లోనే ఉంది. ఎంఐటీలో 1984లో మొదలైన, తెర మీద కిటికీలు చూపించే ఎక్స్ విండో సిస్టమ్ అది. 1987లో వచ్చిన పదకొండో వెర్షనే ఇప్పటికీ వాడుకలో ఉన్న ఎక్స్11. దూరపు మెషీన్‌లోకి లాగిన్ చేయించే ఎస్ఎస్‌హెచ్ కమాండ్‌కి మైనస్ ఎక్స్ (-X) తగిలించి, అవతలి మెషీన్‌లో ఎక్స్‌క్లాక్ అని కొడితే గడియారం మన తెర మీద, మన కిటికీల మధ్యే వాలుతుంది. పేర్లే తికమక పెడతాయి. తెర, కీబోర్డు ఉన్న మన మెషీన్‌లో నడిచేది ‘సర్వర్’, ఎక్కడో డేటా సెంటర్లో నడిచే ప్రోగ్రామ్ ‘క్లయింట్’. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ ఒకసారి బోల్తా పడాల్సిందే.

గడియారంతో మురిసిపోయి బ్రౌజర్ తెరిస్తే అసలు కథ మొదలవుతుంది. ఎక్స్‌లో ప్రోగ్రామ్ చాలా సంగతులు మన మెషీన్‌లోని సర్వర్‌ని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగుతుంది. ఒకే గదిలోని రెండు మెషీన్ల మధ్య ఇది తెలియనే తెలియదు. అదే ప్రోగ్రామ్ అమెరికాలోని మెషీన్‌లో ఉండి, అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చిపోవడానికి పావు సెకను పడుతుందనుకుంటే, ఒక మెనూ తెరుచుకునేలోపు నలభై సార్లు అడిగితే పది సెకన్లు. ఎంత వేగమైన ఇంటర్నెట్ పెట్టించుకున్నా ఈ పది సెకన్లు తగ్గవు, ఎందుకంటే ఇక్కడ అడ్డం పడేది దూరం. పైగా ‘ఇక్కడో గీత గీయి, ఇక్కడో అక్షరం పెట్టు’ అని ఆదేశాలు పంపే కాలం పోయింది. ఇప్పటి ప్రోగ్రామ్‌లు బొమ్మ మొత్తం తామే గీసుకుని పిక్సెళ్లుగా తోస్తాయి. అంటే చేసేది వీఎన్‌సీ పనే, కాకపోతే సరిగా కుదించకుండా. కనెక్షన్ తెగిందంటే కిటికీతో పాటు ప్రోగ్రామ్ కూడా పోతుంది. వీఎన్‌సీలో ఆ భయం లేదు. అందుకే డిజైన్ ఇంజినీర్లు మొత్తం డెస్క్‌టాప్ మోయడానికే సిద్ధపడ్డారు.

ఎక్స్ స్థానంలోకి రావడానికి 2008లో మొదలైన వేలాండ్, నెట్‌వర్క్ సంగతిని తన ప్రొటోకాల్‌లోంచే తీసేసింది. దాని మీద ఏళ్ల తరబడి గొడవ. ఉబుంటు లినక్స్ 25.10 వెర్షన్‌లో దాని డెస్క్‌టాప్ గ్నోమ్‌ని ఎక్స్ మీద నడిపే వీలు లేకుండా పోయాక ‘ఇక రిమోట్ కిటికీలకి నీళ్లొదులుకోవాల్సిందే’ అన్నవాళ్లున్నారు. నాకైతే ఇది పక్కింటి చావుకి మనింట్లో ఏడ్చినట్టుంది. వేలాండ్ డెస్క్‌టాప్‌లో ఎక్స్‌వేలాండ్ అనే ఎక్స్ సర్వర్ ఉంటుంది. పాత మైనస్ ఎక్స్ దాంతో ఇప్పటికీ పనిచేస్తుంది. అవతలి మెషీన్‌కి ఎక్స్ సర్వర్ ఎప్పుడూ అక్కర్లేదు. పైగా పాత పద్ధతిలో ఒక కిటికీలో కొట్టే పాస్‌వర్డ్‌ని పక్క ప్రోగ్రామ్ వినగలిగేది. దాన్ని తలుచుకుని బాధపడాల్సింది ఏముంది?

దిగులు పడాల్సింది ప్రోగ్రామ్‌లకి కిటికీలు, బటన్లు సమకూర్చే టూల్‌కిట్ల గురించి. వాటిలో ఒకటైన జీటీకే 2025లో తన ఎక్స్11 భాగాన్ని కాలం చెల్లినదిగా ప్రకటించింది, జీటీకే 5లో తీసేస్తామంటోంది. ఎక్స్ భాష రాని ప్రోగ్రామ్‌ని ఏ ఎక్స్ సర్వరూ ఏమీ చేయలేదు. అప్పుడు వేలాండ్ కిటికీని ఎస్ఎస్‌హెచ్ మీదుగా మోసే వేపైప్ లాంటివే దిక్కు. అది బాగానే పనిచేస్తుంది, కానీ రెండు వైపులా ఇన్‌స్టాల్ చేసి ఉండాలి. సొంత మెషీన్లయితే నిమిషం పని. ఆఫీసు సర్వర్‌లో కొత్త ప్యాకేజీ ఒక్కటి పెట్టించాలంటే ఐటీ వాళ్లకి టికెట్ వేసి ఎన్నాళ్లు ఎదురుచూడాలో అందరికీ తెలిసిందే. ఎస్ఎస్‌హెచ్ ఉన్న ప్రతి సర్వర్‌లో వేపైప్ కూడా ముందే పెట్టి ఇవ్వాల్సింది డిస్ట్రోలు, అంటే ఉబుంటు లాంటి లినక్స్ రకాలు. జీటీకే 5 వచ్చేలోపు ఆ పని జరగకపోతే, ఒక్క కిటికీ కోసం మళ్లీ మొత్తం డెస్క్‌టాప్ లాక్కోవాల్సిందే.