సవరణ: మెథడోన్‌తో ప్రయాణం

అమెరికాలో మెథడోన్ (హెరాయిన్ వంటి ఓపియాయిడ్ల వ్యసనానికి ఇచ్చే మందు) చికిత్సలో ఉన్నవాళ్ల ప్రయాణాల గురించి రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది: క్లినిక్ ఇంటికిచ్చే డోసులు, చికిత్స ఎంతకాలం సాగినా, 7 రోజులకు మించవని రాశాం. అది తప్పు. 2024లో మారిన ఫెడరల్ నిబంధన ప్రకారం చికిత్స తొలి 14 రోజుల్లో 7 రోజులకు, 15వ రోజు నుంచి 14 రోజులకు, 31వ రోజు నుంచి 28 రోజులకు సరిపడా ఇవ్వొచ్చు. ఇవి గరిష్ఠ పరిమితులే, హక్కులు కావు. క్లినిక్ తగ్గించి ఇవ్వొచ్చు, కొన్ని రాష్ట్రాల నిబంధనలు ఇంకా కఠినం.

రెండోది ఇంకా పెద్ద తప్పు: డోసులు అయిపోతే వెళ్లిన ఊరి ఫార్మసీలో కొనుక్కోవచ్చన్నాం. వ్యసన చికిత్సకు మెథడోన్ మామూలు మందుల షాపులో ఇవ్వరు. ఇదే వ్యసనానికి వాడే మరో మందు బ్యూప్రెనార్ఫిన్ అయితే ప్రిస్క్రిప్షన్‌పై దొరుకుతుంది, రెండింటినీ కలిపేశాం. మెథడోన్‌కు దారి గెస్ట్ డోసింగ్, అంటే వెళ్లిన ఊరి క్లినిక్‌లో తాత్కాలికంగా డోసు తీసుకోవడం: మీ క్లినిక్ మీ డోసు ఎన్ని మిల్లీగ్రాములో, చివరిగా ఎప్పుడు వేసుకున్నారో వెళ్లే ఊరి క్లినిక్‌కు ముందే పంపాలి. టికెట్ కొన్నరోజే అడగండి. ఆదివారం చాలా క్లినిక్‌లు మూసే ఉంటాయి.

సీసాలు లేబుల్ చిరగకుండా, తాళం పెట్టెలో, చేతి సంచిలోనే. చెక్-ఇన్ బ్యాగు తప్పిపోతే మందూ పోయినట్టే. ద్రవం 100 మిల్లీలీటర్లు దాటితే భద్రతా తనిఖీలో ముందే చెప్పండి.

కొన్ని రోజులు డోసు తప్పితే పాత మోతాదు ఒకేసారి తాగకండి. శరీరం తట్టుకునే శక్తి తగ్గి ఊపిరి ఆగే ప్రమాదముంది. క్లినిక్‌కు ఫోన్ చేయండి.

విదేశాలకు ఈ లెక్కలేవీ వర్తించవు. రష్యాలో మెథడోన్ నిషిద్ధం; డాక్టరు లేఖ ఉన్నా చెల్లదు.