సవరణ: చెవి సీటీకి ఖాళీ కడుపు అవసరమా?

"చెవికి సీటీ తీయించుకునేవారు నాలుగు గంటలు ఏమీ తినకూడదు, ఇంజెక్షన్ తప్పదు" అని గత టపాలో ఉన్న వాక్యానికి ఈ సవరణ. ఆ జాగ్రత్త కాంట్రాస్ట్ మందు (బొమ్మ స్పష్టంగా కనిపించడానికి ఇంజెక్షన్‌గా ఇచ్చేది) ఎక్కించే స్కానులకు చెప్పేది. చెవి ఎముకకు మామూలుగా తీసే హెచ్ఆర్‌సీటీకి (సన్నని వివరాలు చూపే సీటీ) ఆ మందు అక్కర్లేదు. టిఫిన్ చేసి వెళ్లవచ్చు. చీము మెదడు వైపు పాకిందనో, గడ్డ ఉందనో అనుమానం ఉంటే కాంట్రాస్ట్ ఇస్తారు. అప్పుడు మాత్రం కిడ్నీ జబ్బు, పాత అలర్జీలు, మెట్‌ఫార్మిన్ (షుగరు మాత్ర) వాడకం ముందే చెప్పాలి. ఎంతసేపు తినకూడదో ఆ సెంటరు వారినే అడగండి.

కమ్మలు, మాటీలు, ముక్కుపుడక, వినికిడి యంత్రం తీసేయాలి. మిల్లీమీటరు కంటే పలుచని పొరలుగా తీసే బొమ్మలివి. లోహం అడ్డొచ్చినా, తల కదిలినా పాడవుతాయి. కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం ఆపరేషన్ చేసి లోపల అమర్చే పరికరం) ఉన్నవారు సీటీకి భయపడనక్కర్లేదు, అయస్కాంతం గొడవ ఎంఆర్ఐకే. గర్భం ఉండే అవకాశం ఉంటే తప్పక చెప్పాలి.

సీటీలో బాగా కనిపించేది ఎముక: మాస్టాయిడ్ (చెవి వెనక ఎముక) లోని గాలి గదులు, కొలెస్టియటోమా (మధ్య చెవిలో పెరిగే చర్మపు గడ్డ) కొరికేసిన చిన్న ఎముకలు. వినికిడి నరం మీది కణితికి ఎంఆర్ఐ కావాలి. చెవిలో హోరు అనగానే సొంతంగా సీటీకి పరుగెత్తడం నాకైతే దండగనిపిస్తుంది. ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) చేయించుకోండి.